బూడిద బండ దగ్గర వెనుదిరిగిన మంద

మా అక్క నెస్ట్ సంచి నేనే సర్దాను. బలిసిన పొట్టేలును ఒంటిచేత్తో పడేసి ఉన్ని కత్తిరించే మనిషికి రెండు గౌన్లు మడతపెట్టడం చేతకాదు. తాతయ్య చాపెల్‌కి, అంటే మా ఊరి చిన్న చర్చికి, పాటల పుస్తకాలు మోసిన తోలు సంచి అది. అడుగున నల్ల బూట్లు, వాటిమీద గౌన్లు, ఊలు మేజోళ్లు మూడు జతలు, పైన గుడ్డలో చుట్టిన వెన్నముద్ద, ఎండుద్రాక్ష రొట్టె పెట్టాను. నెస్ట్ కిటికీకి వీపు పెట్టి నిలబడి చూస్తోంది.

“అంత వెన్న ఎందుకే ఎలునెడ్? ఆస్పత్రిలో నర్సులకి తిండి పెట్టరనుకున్నావా?”

“లివర్‌పూల్లో రేషనంట కదా అక్కా.”

“రేషన్ ఇక్కడా ఉంది. మనం దొంగతనంగా చిలుక్కుంటున్నాం, అంతే తేడా.”

నవ్వించాలని అన్నదే గాని తను నవ్వలేదు. నేను మేజోళ్లు తీసి మళ్లీ పెట్టాను. సంచి నిండిపోతే బయల్దేరాలి కదా.

“ఉన్ని కత్తిరింపులకి వస్తావుగా?”

“దేనికి కత్తిరించాలే ఉన్ని? మంచు తినేసినవాటికా?”

“నాన్న కొత్తవి కొంటానంటున్నాడు.”

“కొననీ. వస్తాలే, వస్తా. ఆ సంచి కట్టు ముందు.”

ఆ ఏడాది, 1947లో, జనవరి చివర మొదలైన మంచు మార్చి సగం దాకా పడింది. మా మంద రెండువందల నలభై. గాలికి తట్టుకోలేక అవన్నీ పైగోడ చాటున చేరాయి, గోడతో సహా మంచు కింద పూడిపోయాయి. నెస్ట్ పొడుగాటి కర్రతో మంచులో పొడుస్తూ, మెత్తగా తగిలినచోటల్లా తవ్వింది. పదహారు రోజులు తవ్వింది. ప్రాణాలతో దొరికినవి పదకొండు. ఆకలికి ఒకదాని ఒంటిమీది ఉన్ని ఇంకొకటి పీక్కుతిన్నాయి. వాటిని భుజాన వేసుకుని ఒక్కొక్కటే దించింది. ఆ తరవాత ఆమె కొండవైపు ముఖం తిప్పడం నేను చూడలేదు. పాలు పితికేటప్పుడు కూడా కొట్టంలో తలుపుకి వీపు పెట్టి కూర్చునేది.

“ఆస్పత్రిలో నర్సుల గది కిటికీలోంచి ఏం కనబడుతుందో తెలుసా? గోడ. ఉత్త ఇటికల గోడ. ఆ గదే కావాలని అడిగి రాయించుకున్నా,” అంది ఆ రోజు.

అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్లు. నాన్న బండి కట్టాడు. తమ్ముడు ఎమ్లిన్‌కి పన్నెండేళ్లు. రోడ్డుదాకా బండి వెనకే పరిగెత్తాడు. నేను గుమ్మంలో నిలబడి నెస్ట్ తల మలుపు దాటేదాకా చూశాను. నాకు అదొక జబ్బు. ఎవరు గడప దాటినా వీపు కనబడకుండా పోయేదాకా చూస్తాను, చూడకపోతే నావల్లే ఏదో జరుగుతుందని భయం. అది ఏప్రిల్ పద్దెనిమిది, శుక్రవారం.

మే నెలలో నాన్న వేరే లోయనుంచి ఎనభై గొర్రెల్ని పిల్లలతో సహా కొనుక్కొచ్చాడు.

మా కొండకి కంచెల్లేవు. ఐదు పొలాల మందలు ఒకే కొండమీద మేస్తాయి, అయినా కలిసిపోవు. గొర్రె తన తల్లి ఎక్కడిదాకా మేసిందో అక్కడిదాకా మేసి వెనక్కి తిరుగుతుంది, తన పిల్లకీ అదే నేర్పుతుంది. దాన్ని కనెవిన్ అంటాం. ఎవరూ గీయని ఆ గీతని మంద వందల ఏళ్లు మోస్తుంది. అందుకే మావైపు పొలం అమ్మినా మందని విడిగా అమ్మరు; మంద కొండతోపాటు ఉంటుంది. కాని మా మంద చచ్చిపోయింది కదా, మిగిలిన పదకొండూ మళ్లీ కొండెక్కలేదు, గీత కూడా మందతోనే పోయింది. కొత్త గొర్రెలకి మనిషి నేర్పాలి. పొద్దున్న తోలుకెళ్లడం, హద్దు దగ్గర నిలబడి తిప్పడం, రోజూ అదే చోట. ఐదు వేసవులు అలా చేస్తే ఆ తరవాత వాటికవే తిరుగుతాయి.

ఆ పని నెస్ట్ చెయ్యాల్సింది. నెస్ట్ లేదు గనక నాకు పడింది. నాకు పదిహేడేళ్లు.

“వాగు దాకా చూపించు,” అన్నాడు నాన్న. “ముందు వాటికి కొండ నడినెత్తిన బూడిద బండ వస్తుంది. అక్కడ ఆగకు. అవతలి వాలు కూడా మనదే. కిందికి దిగి ఉల్లంకి వాగు దాకా తీసుకెళ్లి, అక్కడ తిప్పు. తెలిసిందా?”

తెలిసింది. మొదటి రోజు దిగాను కూడా. వెనక వాలులో మనిషెత్తు రెల్లుగడ్డి, పాడుబడ్డ రాతి దొడ్డి, ఉల్లంకి పిట్టల అరుపు, అంతే. కొండ వీపు అడ్డం కాబట్టి అక్కడినుంచి మా ఇల్లు కనబడదు, రోడ్డు కనబడదు.

బూడిద బండ మీదినుంచి రోడ్డంతా కనబడేది. మంగళవారం, శుక్రవారం నాలుగింటికి బస్సు వచ్చేది. వంతెన దగ్గర ఆగితే ఎవరో ఒకరు దిగినట్టు. దిగినమ్మ ఎవరో పోల్చుకోవడానికి, ఆమె మా దారి పట్టిందో లేదో తేలడానికి ఇంకో పావుగంట పట్టేది. ఆ పావుగంట నేను బండ దిగలేను. నేను దిగకపోతే గొర్రెలూ దిగవు. కుక్కని పంపి అక్కడే తిప్పేశాను. రోజుకోచోట తిప్పితే అవి నేర్చుకోవు గనక మిగతా రోజులూ అక్కడే తిప్పాను. పైగా మిగతా రోజుల్లో నెస్ట్ ఎవరి కారులోనైనా రావచ్చు కదా.

సాయంత్రం నాన్న అడిగేవాడు. “వాగు దాకా తీసుకెళ్లావా?”

“తీసుకెళ్లాను.”

ఐదు వేసవులు ఆ అబద్ధం ఆడాను. నెస్ట్ ఉత్తరాలు రాసేది. క్రిస్మస్‌కి ఊలు కోటు పంపేది. ఓడల రేవులో పనిచేసే ఒక ఐరిష్ అతన్ని పెళ్లాడింది. ప్రతి ఉత్తరం చివరా వచ్చే వేసవికి వస్తానని ఉండేది. కోపం లేదు, తగువు లేదు. రాలేదు, అంతే. నాన్న 1955లో పోయాడు. పొలం ఎమ్లిన్‌కి వచ్చింది, ఇల్లు చూసుకుంటూ నేను ఉండిపోయాను. గొర్రెలు బూడిద బండ దగ్గర తిరుగుతూనే ఉన్నాయి. అవతలి గడ్డి పుల్లనిదని, అందుకే మందకి నచ్చదని ఎమ్లిన్ అనుకునేవాడు. నేను అవుననేదాన్ని.

ఇరవై ఆరేళ్లు ఎవరికీ దానితో పనిపడలేదు.

ఉమ్మడి కొండల మీద ఎవరికి ఏ హక్కుందో రాసివ్వమని సర్కారు గడువు పెట్టినప్పుడు ఎమ్లిన్ మా పొలం పేరున ‘బ్లైన్‌నాంట్ పొలానికి ఉల్లంకి వాగు దాకా మేత హక్కు’ అని రాసి పంపాడు. నాన్న అలాగే చెప్పేవాడు, తాత అలాగే చెప్పాడు. దానికి చుట్టుపక్కల భూములన్నీ ఉన్న జమీందారు ఎస్టేటు అభ్యంతరం పెట్టింది. వెనక వాలు ఎస్టేటుదేనని, అక్కడ ఎవరి గొర్రే మేయదని, దాన్ని కలప కోసం స్ప్రూస్ చెట్లు నాటే కంపెనీకి అమ్మబోతున్నామని కాగితం వచ్చింది. 1973 సెప్టెంబరులో విచారణ ఆఫీసరు వస్తాడని చాపెల్ గేటుకి నోటీసు అంటించారు. ఆ కాగితాలన్నీ నేనే చదివాను. అర్థంకాని మాటలకి నిఘంటువు పక్కన పెట్టుకుని, రెండుసార్లు, మూడుసార్లు చదివాను. ఎన్నిసార్లు చదివినా ఒకచోటికే వచ్చి ఆగేదాన్ని: ‘మనుషుల జ్ఞాపకంలో ఏ మందా ఆ వాలున మేసిన దాఖలా లేదు.’

పక్క పొలం హావొద్-లాస్ ముసలావిడ మార్గెడ్ అత్తకి అప్పటికి ఎనభై నాలుగు. కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి మా వంటింట్లో కూర్చుంది.

“ఏరా ఎమ్లిన్, ఆఫీసరు కొండెక్కి గొర్రెలు ఎక్కడిదాకా పోతాయో చూస్తాడటగా. ఎవడిచ్చాడురా ఆ సలహా?”

“ఎస్టేటు ఏజెంటు. మిస్టర్ కార్‌ఫీల్డ్.”

“గొర్రెల గురించి వాడికి ఉడకబెట్టాక ఎలా ఉంటాయో అదొక్కటే తెలుసు. సరే, నీ గొర్రెలు బండ దగ్గరే తిరిగిపోతాయిగా. ఏం చేద్దామని?”

“ఏముంది చెయ్యడానికి.”

“ముందురోజు కుక్కని వెనకనుంచి పంపి ఓ యాభైని అటు తోసెయ్. చూసినవాడు మేస్తున్నాయనుకుంటాడు.”

“అత్తా, నువ్వు ఆదివారం చాపెల్లో ముందు వరసలో కూర్చుంటావు.”

“ఆదివారం ఆదివారమే. మంగళవారం మంగళవారమే.”

ఎమ్లిన్ నవ్వాడు కాని ఒప్పుకోలేదు. నేను టీ పోస్తుంటే కప్పు పొంగి సాసరు నిండింది. మార్గెడ్ అత్త నావైపు చూసింది. “ఈ పిల్లకేమైందిరా?” అంది. నాకప్పుడు నలభై మూడు.

ఆఫీసరు వచ్చిన రోజు ఎండగా ఉంది. సన్నటి మనిషి, మర్యాదస్తుడు, కొత్త బూట్లు వేసుకొచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు తప్ప మా భాష రాదు గనక బడి మాస్టారు గ్విలిమ్ పక్కనే ఉండి అటూ ఇటూ చెబుతున్నారు. మార్గెడ్ అత్తని తెల్ల గుర్రం మీద ఎక్కించి తెచ్చారు. అందరం బూడిద బండ పక్కన కూర్చున్నాక కింద ఎమ్లిన్ గేటు తెరిచాడు. రెండువందల గొర్రెలు తమ సన్నదారుల్లో వరసగా పైకి వచ్చాయి, మేస్తూ, ఆగుతూ. దగ్గరదగ్గర రెండు గంటలు పట్టింది. కొండ నడినెత్తికి వచ్చాక ముందున్న గొర్రె తలెత్తి అవతలి వాలువైపు ఒకసారి చూసి ఎడమకి తిరిగింది. వెనకవన్నీ తిరిగాయి. చేనుగట్టు తగిలిన నీళ్లలా ఆ బారంతా పక్కకి మళ్లిపోయింది.

“గోడ లేదు, కంచె లేదు,” అన్నాడు కార్‌ఫీల్డ్ మెల్లగా. “ఒక్కటైనా అడుగు అటు వేసిందా చూడండి.”

ఆఫీసరు పటం మీద పెన్సిల్‌తో గీత గీశాడు. ఆ గీత నాదని నాకొక్కదానికే తెలుసు. ఆ గొర్రెల్లో ఒక్కటీ పదిహేడేళ్ల నన్ను చూసి ఎరగదు; వాటి ముత్తవ్వల ముత్తవ్వలు చూశాయి. అయినా అవన్నీ నేను ఆగినచోటే ఆగాయి. నోరు తెరుద్దామనుకున్నాను. ఈలోగా ఆఫీసరు పటం మడిచి లేచాడు.

ఆ సాయంత్రం పులుసు తింటూ ఎమ్లిన్ ఒక ఉత్తరం నా ముందు పెట్టాడు. చెషైర్‌లో పాల డెయిరీ వాళ్లు పనికి రమ్మని రాసింది.

“వెనక వాలు లేకపోతే మనకి మేత హక్కు రాసేది నూటిరవై గొర్రెలకే అక్కా. నూటిరవైతో ఇద్దరం బతకలేం. వాళ్లు ఇల్లిస్తారట, కరెంటుంది. నీకో గది ఉంటుంది.”

“నేను ఆ ఊళ్లో ఏం చెయ్యను? వాళ్ల మాటే రాదు నాకు.”

“పుస్తకాల్లో వచ్చుగా.”

“చదవడం వేరు, మాట్లాడటం వేరు.”

“అయితే ఉండు. నేను డబ్బు పంపుతా.” రొట్టె తుంచి పులుసులో ముంచాడు, తినలేదు. “ఒకటి ముందే చెబుతున్నా. పోయానంటే మళ్లీ రాను. ఆ వాలంతా స్ప్రూస్ చెట్లతో చీకటైపోతే నేను చూడలేను. అది చూడ్డానికి సెలవు పెట్టుకుని రమ్మంటావా?”

వాడికి ఆ మాట ఎవరిదో తెలియదు. అప్పుడు వాడు పన్నెండేళ్లవాడు, బండి వెనక పరిగెత్తుతున్నాడు. నాకు తెలుసు, నెస్ట్‌ది. కొండని చూడలేనని ఏదో ఒక మాటలో నా ముందు చెప్పినవాళ్లలో వాడు రెండోవాడు.

మర్నాడు చాపెల్ వెనక గదిలో విచారణ. ఐదు పొలాలవాళ్లు బెంచీల మీద కూర్చున్నారు. పొలం ఎమ్లిన్ పేరున ఉంది గనక సాక్షుల జాబితాలో నా పేరు లేదు. మిగతా ఆడవాళ్లతో టీ డేగిసా దగ్గర కప్పులు తుడుస్తున్నాను.

ఆఫీసరు అడిగాడు. “మీ మంద ఆ బండ దగ్గర ఎప్పటినుంచి వెనక్కి తిరుగుతోంది?”

మాస్టారు దాన్ని మా భాషలో చెప్పారు. ఎమ్లిన్ టోపీ చేతుల్లో తిప్పుతూ, “నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి,” అన్నాడు.

“అంటే ఎప్పుడూ అంతే అన్నమాట,” అన్నాడు కార్‌ఫీల్డ్.

ఆఫీసరు కలం తెరిచాడు. అది కాగితాన్ని తాకితే అయిపోతుందనిపించింది.

“అలా నేర్పింది నేను.”

నా గొంతేనా అనిపించింది. చేతిలో కప్పు ఉంది, తుడుపుగుడ్డ ఉంది. అందరూ తిరిగారు.

“ఎవరీమె?” అన్నాడు ఆఫీసరు.

“బ్లైన్‌నాంట్ ఎలునెడ్. ఈయన అక్కగారు,” అన్నారు మాస్టారు.

ముందుకి రమ్మన్నారు. కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక దానితోనే వెళ్లాను. మంచు పడ్డ ఏడాది సంగతి చెప్పాను, కొత్త ఎనభై గొర్రెల సంగతి చెప్పాను. నాన్న వాగు దాకా తీసుకెళ్లమన్నాడని, నేను బండ దగ్గరే తిప్పానని, ఐదు వేసవులు నాన్నతో అబద్ధం చెప్పానని చెప్పాను. వెనక బెంచీలో ఎవరో ‘అయ్యో’ అన్నారు. నేను ఎమ్లిన్ వైపు చూడలేదు.

“అంతకుముందు మంద వాగు దాకా వెళ్లేదా?”

“వెళ్లేదండి. మా అక్క వాటి వెంట వెళ్లేది. ఆమె వెనకాల నేనూ పోయేదాన్ని.”

“మరి మీరు బండ దగ్గర ఎందుకు ఆగారు? అటు బురదా? భయమా?”

బురదని చెప్పొచ్చు. అందరూ నమ్మేవాళ్లు. ఎమ్లిన్ టోపీ తిప్పడం ఆపాడు.

“అక్కడినుంచి రోడ్డు కనబడుతుందండి.”

మాస్టారు అది చెప్పారు. ఆఫీసరుకి అర్థంకాలేదు. “ఏ రోడ్డు?”

“బస్సు వచ్చేది. మా అక్క లివర్‌పూల్ వెళ్లింది. వస్తానంది. వస్తుందేమోనని.”

మాస్టారు కళ్లద్దాలు తీసి పెట్టుకుని, ఆ తరవాత చిన్నగా రెండు ముక్కల్లో చెప్పారు. ఆఫీసరు తలెత్తకుండా చాలాసేపు రాశాడు.

కార్‌ఫీల్డ్ లేచాడు. చెడ్డవాడేం కాదు, తన పని తను చేశాడు. “ఈవిడ మీద నాకు సానుభూతి ఉంది. కాని ఈవిడ చెప్పింది కూడా నేను చెప్పేదే కదా. ఇరవై ఆరేళ్లుగా ఆ వాలుని ఎవరూ వాడలేదు.”

“ఒరే నాయనా, ఆగు,” అని మార్గెడ్ అత్త బెంచీమీద కర్రతో కొట్టింది. “మాస్టారూ, ఉన్నదున్నట్టు చెప్పండి వాళ్లకి, పంచదార కలపకండి. మా ఆయన నలభై ఏళ్లు ఈ చాపెల్లో కూర్చుని నిద్రపోయాడు. ప్రసంగం ఒక్కటి వినలేదు. అంతమాత్రాన ఆ చోటు ఆయనది కాకుండా పోయిందా? ఆయన పోయాక కూడా అక్కడ ఇంకెవరూ కూర్చోరు, తెలుసా?”

గదంతా నవ్వింది. మాస్టారు చెప్పాక ఆఫీసరు కూడా నవ్వాడు.

“ఆ వాగు గట్టున రాతి దొడ్డి ఉంది,” అంది అత్త. “నిన్న చూపిస్తారేమో అనుకున్నా, మీరు గొర్రెల వెనక పడ్డారు. నడుమ ఒక పెద్ద గుండ్రం, చుట్టూ ఐదు గదులు. జూన్‌లో కొండంతా తోలుకొచ్చి ఆ గుండ్రంలో కలిపి, పొలానికొకటిగా ఉండే చెవి కోత చూసి ఎవరి గొర్రెని వాళ్ల గదిలోకి తోసేవాళ్లం. నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడు మా గదికి కాపలా ఉన్నా. ఈ పిల్ల తాత పక్క గదిలో నిలబడి నన్ను వెక్కిరించాడు, చెవి ఏదో తోక ఏదో తెలియదా అని. వాళ్లకి అక్కడ మేత లేకపోతే గది ఎవడు కట్టాడు? దేనికి కట్టాడు, సరదాకా?”

“దానికి గుర్తేమైనా ఉందా?” అన్నాడు ఆఫీసరు.

“వెళ్లి చూడండి. నేను చెబితే అది కబురు. రాయి చెబితే మీకు సాక్ష్యం.”

ఆమెకి టీ, వాళ్లకి టీ ఇచ్చాం. ఆఫీసరుకి మార్గెడ్ అత్త రొట్టె రెండో ముక్క వద్దన్నా వేసింది. ఆ మధ్యాహ్నమే ఆయన మళ్లీ కొండెక్కి వెనక వాలు దిగాడు. నేను వెళ్లలేదు. గ్విలిమ్ మాస్టారు తరవాత చెప్పారు: రెల్లు తొలగించి చూస్తే మూడో గది వాకిట్లో నిలువురాయి మీద మా చెవి కోత చెక్కి ఉంది, ఎడమ చెవి చివర చీలిక, కింద అరచందమామ గాటు. ఆఫీసరు మోకాళ్ల మీద కూర్చుని కాగితం పెట్టి దాని అచ్చు తీసుకున్నాడట. కొత్త బూట్లు పాడయ్యాయట.

ఇంటికి నడిచేటప్పుడు ఎమ్లిన్ వంతెన దాటేదాకా నాకంటే ముందు నడిచాడు. నేను తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను.

“గడ్డి పుల్లనిదన్నాను,” అన్నాడు చివరికి. “ఇరవై ఏళ్లు ఊరందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నువ్వు పక్కనుండి అవునన్నావు.”

“అన్నాను.”

“నాన్నకి తెలియదనుకుంటున్నావా?”

“తెలియదు. రోజూ అడిగేవాడుగా.”

“ఎంత పిచ్చిదానివే అక్కా! పెరట్లోంచి బూడిద బండ కనబడదూ? వాగు దాకా పోయొచ్చిన మంద అంత పెందరాళే ఇంటికొస్తుందా? నాలుగయ్యేసరికి నాన్న పెరట్లోకి వచ్చి నిలబడి పైకి చూసేవాడు. ‘అక్కడే ఉంది’ అనేవాడు నాతో. కాసేపు తనూ అలాగే నిలబడి లోపలికి పోయేవాడు. మంద గురించి అంటున్నాడనుకునేవాణ్ణి.”

నేను రోడ్డు పక్క రాతిమీద కూర్చున్నాను. వాడూ కూర్చున్నాడు. చలిగాలి మొదలైంది.

“చెషైర్‌కి ఏమని రాస్తావు?” అన్నాను.

“క్రిస్మస్ దాకా గడువుంది. చూద్దాం.”

క్రిస్మస్‌కి వారం ముందు తీర్పు వచ్చింది. పన్నెండు పేజీలు. నిలబడి చదివాను. వెనక వాలు ఉల్లంకి వాగు దాకా ఉమ్మడి కొండలో భాగమేనని, అందులో బ్లైన్‌నాంట్‌కి మేత హక్కు ఉందని, తరతరాలు మేపిన హక్కుని ఒక కాపరి ఐదు వేసవుల నడక చెరిపెయ్యలేదని ఉంది. వాగు అవతల ఎస్టేటు చెట్లు వేసుకోవచ్చు. వేశారు కూడా. ఎమ్లిన్ ఆ పేజీ రెండుసార్లు చదివించుకుని, డెయిరీవాళ్లకి నాచేతే ఉత్తరం రాయించాడు. రానని.

కాగితం మీద గెలిచాం. గొర్రెలు కాగితం చదవవు. జనవరిలో ఐదు పొలాలవాళ్లూ అదే గదిలో మళ్లీ కూర్చున్నారు. మూడు వేసవులు మిగతా నాలుగు మందలనీ ఆ వాలు దరికి రానివ్వకూడదని, మా గొర్రెలు నేర్చుకునేదాకా తలా ఒకరోజు తమ కుక్కలతో అంచున కాపలా ఉండాలని అనుకున్నారు. ఎవరూ రాసుకోలేదు.

“మరి దింపేదెవరు?” అన్నారెవరో.

“పాడుచేసినమ్మే బాగుచేస్తుంది,” అంది మార్గెడ్ అత్త. “నలభై మూడేళ్లకి మోకాళ్లు అరగవులే, నావి చూడండి.”

ఏప్రిల్‌లో మొదలుపెట్టాను. పొద్దున్న మందని తోలుకుని బూడిద బండ దాకా వెళ్లడం సులువు. అక్కడ అవి ఎడమకి తిరుగుతాయి. కుక్కని చుట్టూ పంపి ఆపాలి, ముందు గొర్రెని చేత్తో పట్టి దింపాలి, రెల్లులోకి పదడుగులు దిగిందో లేదో వెనక్కి ఉరుకుతుంది. నేనూ అంతే. మొదటి వారం నాలుగైందంటే నా మెడ దానంతటదే రోడ్డువైపు తిరిగేది. నెల గడిచాక మంగళవారం కూడా బండ దాటి దిగిపోయాను. దొడ్డి గోడ కింద కూర్చుని పుస్తకం తెరిస్తే చుట్టూ గడ్డి, పిట్టలు, వాగు చప్పుడు. బస్సు వచ్చిందో లేదో తెలిసేది కాదు. తెలియకపోవడం మొదట్లో పంటినొప్పిలా ఉండేది.

ఇదంతా నెస్ట్‌కి రాశాను. జవాబు వెంటనే వచ్చింది, తను ఎప్పుడూ అంత త్వరగా రాయదు.

‘ఎదురుచూడమని నీకు ఎవరు చెప్పారే? నేను చెప్పానా? నా నెత్తిన పెట్టకు. నేను ఇక్కడ హాయిగా ఉన్నా. ముందుపోతున్న గొర్రెని గెడ్డం కింద పట్టుకో, కొమ్ము కాదు, కొమ్ము పట్టుకుంటే మొండికేస్తుంది. దొడ్డిలో మన గదికి ఎడమ గోడ బలహీనం, ఆనుకుని కూర్చోకు.’

గెడ్డం కింద పట్టుకుంటే నిజంగానే దిగింది.

మూడో వేసవి 1976. ఆ ఏడు వాన చుక్క పడలేదు. జూన్‌కి ఇవతలి ఊటలన్నీ ఎండిపోయాయి, బండ చుట్టూ గడ్డి గోధుమరంగుకి వచ్చింది. ఒక పొద్దున్న నేను కొండెక్కేసరికి మంద కనబడలేదు. బండ దాటి చూస్తే అవన్నీ వాగు గట్టున బారుగా ఉన్నాయి, నీళ్లు తాగి మేస్తున్నాయి. పిల్లలు దొడ్డి గోడల మీద ఎక్కి దూకుతున్నాయి. నా కుక్కకి ఏం చెయ్యాలో తోచక నా ముఖంలోకి చూసింది.

ఎమ్లిన్‌ని పిలుచుకొచ్చి చూపించాను. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పుల్లగా లేనట్టుంది,” అన్నాడు.

ఎమ్లిన్ ఇంకెక్కడికీ వెళ్లలేదు. ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడు, మోకాళ్లు అరిగాయి, కొండెక్కేది ఎప్పుడైనా ఒకసారి. గొర్రెలు వాగు దాకా వెళ్లి అక్కడ తిరుగుతున్నాయి, ఎవరూ తిప్పకుండానే.

ఆ 1976 జూలైలో ఉన్ని కత్తిరింపులకి వస్తున్నానని, శుక్రవారం బస్సుకని, నెస్ట్ రాసింది. వెన్న తీసి పెట్టమంది. ఆ శుక్రవారం నాలుగింటికి కూడా నేను వాగు దగ్గరే ఉన్నాను.

నెస్ట్ ఆ శుక్రవారం రాలేదు. ఆ తరవాత కూడా రాలేదు. 1977 జనవరి పద్నాలుగున లివర్‌పూల్లో చనిపోయింది.